కంప్యూటరు వ్రాయు చిట్టా

వ్యాపారస్థుడు ప్రతిదినము జమాఖర్చులను జరిగిన వరుసలోనే ఒక పుస్తకములో వ్రాసికొనును. దానినే చిట్టా అందురు. సాయంకాలము పెట్టెలోని రొక్కము లెక్కకు సరిపోయినచో ఆ పుస్తకమును మరల ఎవరును తెరవరు. పది రూపాయలు తగ్గినచో మాత్రము ఉదయమునుండి వ్రాసిన ప్రతి పంక్తియు అవసరమగును. చిట్టాలో వ్రాయని సంగతిని అప్పుడు జ్ఞాపకముతో పూరించుట కష్టము.

కంప్యూటరు ప్రోగ్రాములకు కూడ ఇట్టి చిట్టా కలదు. ఇంగ్లీషులో దానిని లాగ్ అనియు, దానిని వ్రాయు పనిని లాగింగ్ అనియు అందురు. పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున లక్షలకొలది విద్యార్థులు కొద్ది గంటలలో వానికొరకు సర్వరులను అడుగుదురు. వారిలో కొందరికి మార్కులకు బదులు ఖాళీ పుట కనబడినదనుకొందము. ప్రోగ్రాము వ్రాసినవారు ఆ క్షణమున యంత్రము ముందు ఉండరు. ఉన్నను ప్రయోజనము లేదు. సెకనుకు వందలకొలది ప్రశ్నలకు జవాబిచ్చు యంత్రమును కంటితో చూచి తప్పును పట్టలేము. మరునాడు వారికి మిగులు ముఖ్య సాక్ష్యము చిట్టాయే. ఆ సాక్ష్యము ఎంతవరకు పలుకునన్నది, తప్పు జరుగుటకు ముందే, చిట్టాను అమర్చిన దినముననే నిర్ణయమైపోవును. ఆ అమరిక ఎట్లు చేయవలెను, చిట్టా సరిగా రానప్పుడు లోపమును ఎచ్చట వెదకవలెను అను సంగతులు ఈ వ్యాసమున వివరింపబడినవి.

పేరు వచ్చిన విధము

లాగ్ అను ఇంగ్లీషు మాటకు కొయ్యదుంగ అని అర్థము. తెరచాప ఓడల కాలమున వేగమును కొలుచుటకు, త్రాటికి కట్టిన కొయ్యపలకను ఓడ వెనుక నీటిలో విడిచెడివారు. త్రాటిపై సమాన దూరములలో ముడులుండెడివి. చిన్న ఇసుక గడియారము ఖాళీయగులోపల ఎన్ని ముడులు చేతినుండి జారిపోయినవో లెక్కించి ఒక పుస్తకములో వ్రాసెడివారు. కొయ్య పేరే పుస్తకమునకు వచ్చినది. ఓడల వేగమును నేటికిని ముడి అను అర్థము గల 'నాట్' అను కొలతతోనే చెప్పుచున్నారు.

కంప్యూటరుల తొలి దినములలో చిట్టాను మనుష్యులే చేతితో వ్రాసెడివారు. అట్టి పుస్తకములలో ఒకటి అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన జాతీయ చరిత్ర మ్యూజియములో కలదు. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయములో మార్క్ 2 అను యంత్రము సరిగా పనిచేయలేదు. వెదకగా ఒక రిలేలో చిమ్మట చిక్కుకొని యుండెను. పనివారు దానిని తీసి, పుస్తకమున అంటించి, వేళ మధ్యాహ్నము 3 గంటల 45 నిమిషములనియు, స్థలము ఎఫ్ ఫలకములోని 70వ రిలే అనియు వ్రాసిరి. యంత్రములలోని దోషమును పురుగు అను అర్థము గల 'బగ్' అనుట ఈ సంఘటనతోనే మొదలైనదని కొందరు చెప్పుదురు గాని అది సరికాదు. ఆ మాటను ఎడిసన్ 19వ శతాబ్దమునందే వాడెను. మనము గమనింపవలసినది ఆ నమోదులోని మూడు అంశములను. ఎప్పుడు, ఎచ్చట, ఏమి అను ప్రశ్నలకు అది జవాబిచ్చుచున్నది. నేటి ప్రోగ్రాము తానై వ్రాసికొను చిట్టానుండియు మనము కోరునది అదియే.

పంక్తి ప్రయాణము

మన పాఠశాలలలో పలువురు నేర్చుకొనుచున్న పైథాన్ భాషను ఉదాహరణముగా తీసికొందము. ఈ భాషతోపాటు వచ్చు గ్రంథాలయములో లాగింగ్ అను భాగము 2003వ సంవత్సరమునుండి కలదు. అందులో ఒక పంక్తి పుట్టినచోటునుండి ఫైలు చేరువరకు మూడు పనిముట్ల మీదుగా సాగును.

మొదటిది లాగర్. ప్రోగ్రాములోని ప్రతి భాగమునకు పేరు గల లాగర్ ఒకటి ఉండవచ్చును. 'ఫలితములు' అను లాగర్ క్రింద 'ఫలితములు.డేటాబేసు' అను మరియొకటి ఉండును. వీని యన్నిటికిని పైన మూల లాగర్ ఉండును. రెండవది హ్యాండ్లర్. ఇది పంక్తిని తెరకో, ఫైలుకో, వేరొక యంత్రమునకో చేరవేయును. మూడవది ఫార్మాటర్. వేళ, పేరు, సందేశము ఏ వరుసలో కనబడవలెనో ఇది నిర్ణయించును.

ప్రతి పంక్తికి తీవ్రతను తెలుపు సంఖ్య ఒకటి కలదు. డీబగ్‌కు 10, ఇన్ఫోకు 20, వార్నింగ్‌కు 30, ఎర్రర్‌కు 40, క్రిటికల్‌కు 50. ఫలితముల ప్రోగ్రాములో ఏ హాల్‌టికెట్టు సంఖ్యను ఏ పట్టికలో వెదకినదో తెలుపు సూక్ష్మ వివరము డీబగ్. పని ఆరంభమైనదని చెప్పుట ఇన్ఫో. డేటాబేసు జవాబు ఆలస్యమైనను చివరకు వచ్చినచో వార్నింగ్. జవాబు రాక విద్యార్థికి ఖాళీ పుట పోయినచో ఎర్రర్. సర్వరు ఇక పనిచేయజాలదన్నచో క్రిటికల్.

ఈ ప్రయాణమును చెరువునుండి పొలమునకు పోవు నీటితో పోల్చవచ్చును. దారిలో రెండు తూములు కలవు. లాగర్ వద్ద ఒకటి, హ్యాండ్లర్ వద్ద ఒకటి. ప్రతి తూమునకును ఇంత తీవ్రతకు తక్కువైనది దాటరాదను హద్దు ఉండును. రెండును తెరచియున్నప్పుడే పంక్తి ఫైలును చేరును. ఒకదానిని తెరచి రెండవదానిని మరచుట క్రొత్తవారిలో తరచుగా కనబడు పొరపాటు.

ఇటువంటి తీవ్రతాక్రమము పైథాన్‌కు ముందునుండియు ఉన్నది. 1980 ప్రాంతపు దశకమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో ఎరిక్ ఆల్మన్ తన తపాలా ప్రోగ్రాముకొరకు సిస్‌లాగ్ అను పద్ధతిని కల్పించెను. యూనిక్స్ జాతి యంత్రములలో అది నేటికిని వాడుకలో ఉన్నది. అందులో 0 మొదలు 7 వరకు ఎనిమిది మెట్లు కలవు. అయితే అందులో 0 అన్నిటికంటె తీవ్రమైనది, 7 అన్నిటికంటె స్వల్పమైనది. పైథాన్‌లో సంఖ్య పెరిగినకొలది తీవ్రత పెరుగును. రెండు పద్ధతులను కలిపి వాడునప్పుడు ఈ భేదమును మరువరాదు.

అంగారకునిపై ఒక చిక్కు

చిట్టా లేకున్నచో ఏమగునో తెలియుటకు 1997 నాటి ఒక సంఘటన ఉపకరించును. ఆ సంవత్సరము జూలై 4న అమెరికా వారి పాత్‌ఫైండర్ నౌక అంగారక గ్రహముపై దిగెను. కొన్ని దినముల తరువాత దానిలోని కంప్యూటరు ఉండియుండి తనంతట తానే తిరిగి ఆరంభము కాసాగెను. అట్లు జరిగిన ప్రతి పర్యాయమును ఆ దినమున మిగిలిన పని మరునాటికి వాయిదా పడెడిది. అంత దూరమునకు పోయి మరమ్మతు చేయుట ఎవరికి సాధ్యము?

కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో ఆ నౌకకు నకలు ఒకటి ఉండెను. దానిలోని ప్రోగ్రామునకు, లోపల జరుగు ప్రతి మార్పును వరుసగా నమోదు చేయు ఏర్పాటు కలదు. ఇంజనీరులు ఆ నమోదును తెరచియుంచి, అంగారకునిపై నున్న పరిస్థితులనే కల్పించి, దోషము మరల జరుగువరకు నడిపిరి. జరిగిన తరువాత నమోదును వెనుకకు చదువగా కారణము బయటపడెను.

దానిని ఒక పాఠశాలతో పోల్చి చెప్పవచ్చును. హెడ్మాస్టరుకు అత్యవసరముగా ఒక బీరువా కావలెను. తాళపుచెవి అటెండరు వద్ద కలదు. అటెండరు తన పని ముగించి చెవిని ఇచ్చును. ఇంతలో గుమాస్తా వచ్చి తన పెద్ద పనిని మొదలుపెట్టి, అటెండరును కదలనీయక నిలబెట్టెను. గుమాస్తాకు హెడ్మాస్టరును ఆపు అధికారము లేదు. అయినను హెడ్మాస్టరు పని ఆగిపోయినది. పాత్‌ఫైండరులో సమాచార వాహికను నడుపు పని హెడ్మాస్టరు వంటిది, వాతావరణ పరిశీలన పని అటెండరు వంటిది, సందేశములు పంపు పని గుమాస్తా వంటిది. ముఖ్యమైన పని వేళకు ముగియలేదని కనిపెట్టి, కాపలా ఏర్పాటు కంప్యూటరును తిరిగి ఆరంభించుచుండెను. చెవి ఎవరివద్దనున్నదో వారికి తాత్కాలికముగా హెడ్మాస్టరు హోదాను ఇచ్చునట్లు ఒక అమరికను భూమినుండి మార్చిరి. చిక్కు తొలగినది.

దోషము మిక్కిలి అరుదుగా జరుగునది. పనులు ఒక ప్రత్యేక వరుసలో కలిసినప్పుడే అది తలయెత్తును. ప్రోగ్రామును చదివినంత మాత్రమున అట్టిది దొరకుట కష్టము. జరిగిన వరుసను చూపు నమోదు ఉన్నందుననే అది దొరికినది. ప్రయోగమునకు ముందే ఎవరో ఆ నమోదు ఏర్పాటును ప్రోగ్రాములో ఉంచియుండుట ఇచ్చట గమనింపదగినది.

మంచి పంక్తి ఎట్లుండవలెను?

'తప్పు జరిగినది' అని వ్రాసిన పంక్తివలన ఉపయోగము లేదు. ఈ క్రింది దానిని చూడుడు:

2025-01-10 11:04:17.382 +05:30 ఎర్రర్ ఫలితములు.డేటాబేసు - అభ్యర్థన 48213: 3 పర్యాయములు ప్రయత్నించినను 5 సెకనులలో జవాబు రాలేదు

ఇందులో వేళ కలదు, తీవ్రత కలదు, ఏ భాగము వ్రాసినదో కలదు, ఏమి జరిగినదో అంకెలతో కలదు. అభ్యర్థన సంఖ్య మరింత ముఖ్యము. వందలమంది పనులు ఒకేసారి సాగుచుండగా వారి పంక్తులు పేక ముక్కలవలె కలిసిపోవును. ప్రతి అభ్యర్థనకును ఒక సంఖ్యను ఇచ్చినచో, ఒకరి కథను మాత్రము వేరుచేసి చదువవచ్చును. ప్రోగ్రాములో తప్పు తలయెత్తినప్పుడు అది ఏ పంక్తినుండి ఏ పంక్తికి వచ్చినదో తెలుపు జాడను కూడ చిట్టాకు ఎక్కింపవలెను. పైథాన్‌లో ఎర్రర్ అను ఆదేశమునకు బదులు ఎక్సెప్షన్ అను ఆదేశమును వాడినచో ఆ జాడ తానుగా వచ్చును.

వేళ చివరనున్న +05:30 అను గుర్తును అలంకారముగా భావింపరాదు. ఒక యంత్రము భారత కాలమును, మరియొకటి విశ్వ కాలమును వ్రాసినచో, ఒకే సంఘటన ఒకదానిలో 11:04 గాను, రెండవదానిలో 05:34 గాను ఉండును. గుర్తు లేనిచో కారణము ఫలితమునకు అయిదున్నర గంటల తరువాత వచ్చినట్లు తోచును. గడియారములు తప్పినను ఇదే చిక్కు. 2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఆదేశములలో, సంస్థలు తమ యంత్రముల గడియారములను జాతీయ భౌతిక ప్రయోగశాల లేక జాతీయ సమాచార కేంద్రముయొక్క కాలముతో సరిచూచుకొనవలెననియు, చిట్టాలను 180 దినములు భద్రపరుపవలెననియు కలదు.

చిట్టా ఖాళీగా ఉన్నచో

చిట్టా రానప్పుడు ఊహలతో అన్నిటిని మార్చివేయరాదు. నీరు రాని పొలపు రైతు కాలువ వెంబడి నడిచినట్లు, పంక్తి పుట్టినచోటునుండి ఒక్కొక్క మజిలీని పరీక్షించుకొనుచు పోవలెను.

మొదట తీవ్రతను చూడవలెను. ఏమియు అమర్చనిచో పైథాన్ మూల లాగర్ హద్దు వార్నింగ్, అనగా 30. కనుక ఇన్ఫో, డీబగ్ పంక్తులు అచ్చటనే ఆగిపోవును. ఇన్ఫో పంక్తి వ్రాసితిని, కనబడలేదు అను ఫిర్యాదునకు తరచుగా ఇదియే కారణము. లాగర్ హద్దును తగ్గించిన తరువాత హ్యాండ్లర్ హద్దును కూడ చూడవలెను.

రెండవది, అమరిక చేసిన వేళ. బేసిక్‌కాన్ఫిగ్ అను సులభమైన ఆదేశము, మూల లాగర్‌కు అప్పటికే హ్యాండ్లర్ ఉన్నచో ఏమియు చేయక మౌనముగా తిరిగివచ్చును. మనకంటె ముందు మరియొక గ్రంథాలయమో, మరియొక ఆదేశమో మూల లాగర్‌ను అమర్చినచో మన అమరిక వృథాయగును. కావున దీనిని ప్రోగ్రాము ఆరంభముననే ఉంచవలెను. 3.8వ పైథాన్ నుండి పాత హ్యాండ్లరులను తొలగించి క్రొత్తవి పెట్టు ఫోర్స్ అను వీలు కూడ కలదు.

మూడవది, నోరు మూయబడిన లాగరులు. ఫైలునుండి గాని నిఘంటువునుండి గాని అమరికను చదివించినప్పుడు, అందులో పేర్కొనని పాత లాగరులన్నియు పనిచేయకుండ ఆగుట ఆ ఆదేశముల సహజ స్వభావము. ఉన్న లాగరులను ఆపరాదని స్పష్టముగా చెప్పనిచో, నిన్నటివరకు పలికిన భాగము నేడు మౌనము వహించును.

నాలుగవది, ఫైలు స్థలము. ఫైలుకు పేరు మాత్రమే ఇచ్చి పూర్తి దారి ఇవ్వనిచో, ప్రోగ్రామును ఏ ఫోల్డరునుండి నడిపితిమో అందులో అది పుట్టును. మనము ఒకచోట ఖాళీ ఫైలును చూచుచుండగా, చిట్టా వేరొకచోట నిండుచుండవచ్చును. దారి సరియైనచో, ఆ ఫోల్డరులో వ్రాయు అనుమతి కలదా, డిస్కులో ఖాళీ కలదా అని పరీక్షింపవలెను.

తెలుగువారు గమనింపవలసినది మరొకటి కలదు. విండోస్ యంత్రములపై పాత లిపి సంకేతములతో తెరచిన ఫైలులో తెలుగు అక్షరములు పట్టవు. అప్పుడు ప్రోగ్రాము ఆగదు. తప్పును తెరపై చూపి ముందుకు సాగును, ఆ పంక్తి మాత్రము చిట్టాకు ఎక్కదు. హ్యాండ్లర్‌కు యు.టి.ఎఫ్.-8 అని తెలిపినచో ఈ బాధ తీరును.

దీనికి వ్యతిరేకమైన చిక్కు, ఒకే పంక్తి రెండు పర్యాయములు వచ్చుట. క్రింది లాగర్‌కు చేరిన పంక్తి అచ్చటి హ్యాండ్లర్ ద్వారా వ్రాయబడి, ఆగక పైనున్న లాగరుల హ్యాండ్లరులకు కూడ పోవును. రెండుచోట్లను హ్యాండ్లర్ ఉన్నచో పంక్తులు రెండగును. హ్యాండ్లరులను మూలమున మాత్రమే ఉంచుట మేలైన పద్ధతి. పంక్తుల సంఖ్య క్రమముగా రెండు, మూడు, నాలుగు అని పెరుగుచున్నచో, హ్యాండ్లర్‌ను కలుపు ఆదేశము పదేపదే నడుచుచున్నదని గ్రహింపవలెను.

చిట్టా పొంగిపొరలినచో

అంతయు వ్రాసినచో మంచిదికదా అని తోచవచ్చును. ఒక చిన్న లెక్క చేయుదము. పంక్తి ఒక్కింటికి 200 బైట్లు, సెకనుకు 500 పంక్తులు అనుకొన్నచో, సెకనుకు 1,00,000 బైట్లు. దినమునకు 86,400 సెకనులు గనుక దినమునకు 864 కోట్ల బైట్లు, అనగా సుమారు 8.6 గిగాబైట్లు. యు.టి.ఎఫ్.-8లో తెలుగు సంకేతము ఒక్కొక్కటి 3 బైట్లు తీసికొనును గనుక తెలుగు పంక్తులు ఇంకను పెద్దవి. డిస్కు నిండినచో చిట్టాయే ప్రోగ్రాము ఆగుటకు కారణము కావచ్చును.

అందుచేత ఫైలు కొంత పరిమాణమునకు చేరగానే దానిని ప్రక్కకు తీసి క్రొత్తది తెరచు పద్ధతి ఏర్పడినది. పైథాన్‌లో దీనికి గరిష్ఠ పరిమాణము, నిలువ ఉంచవలసిన పాత ఫైలుల సంఖ్య అను రెండు అంకెలను ఇయ్యవలెను. రెండింటిలో ఏ ఒక్కటి సున్నయైనను ఫైలు మారనే మారదు, పెరుగుచునే యుండును. పరిమాణమును మాత్రము ఇచ్చి సంఖ్యను మరచినవారు, అమరిక చేసితిమను ధైర్యముతో నుండగానే డిస్కు నిండును. లినక్స్ యంత్రముపై పెద్ద చిట్టాను చెరిపినను ఖాళీ పెరుగకపోవుట కూడ కలదు. ఆ ఫైలును తెరచియుంచిన ప్రోగ్రాము దానిని మూయువరకు ఆ స్థలము విడుదల కాదు.

వ్రాయరానివి

చిట్టాను పలువురు చదువుదురు. కావున అందులో సంకేతపదములు, బ్యాంకు కార్డు సంఖ్యలు, ఆధార్ సంఖ్యలు వ్రాయరాదు. 2018 మే నెలలో ట్విట్టర్ సంస్థ, వినియోగదారుల సంకేతపదములు మరుగుపరుపబడక ముందే తమ లోపలి చిట్టాలో వ్రాయబడినవని ప్రకటించి, అందరిని వానిని మార్చుకొనుడని కోరెను. ఎవరును వానిని దొంగిలించినట్లు కనబడలేదని సంస్థ చెప్పినది. అయినను డేటాబేసునకు వేసిన తాళము చిట్టాకు వేయకుండుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును.

ఇంతకంటె పెద్ద ఆపద 2021 డిసెంబరులో బయటపడినది. జావా భాషలో లాగ్4జె అను చిట్టా వ్రాయు గ్రంథాలయము లోకమంతటను వాడుకలో ఉన్నది. ఒక ప్రత్యేక రూపముగల అక్షరముల వరుస పంక్తిలో వచ్చినచో, దానిని వ్రాసి ఊరకుండక, దూరపు యంత్రమును సంప్రదించు గుణము 2013 నుండి దానిలో ఉండెను. దుష్టులు అట్టి వరుసను పంపి, తమ ఆదేశములను ఇతరుల సర్వరుపై నడిపింపగలిగిరి. మైన్‌క్రాఫ్ట్ అను ఆటలో సంభాషణలో ఒక వాక్యము టైపు చేసినను చాలియుండెను. ఈ లోపపు తీవ్రతను నిపుణులు 10కి 10గా లెక్కించిరి. సవరణలు వెంటవెంటనే వెలువడినవి. బయటినుండి వచ్చిన మాటను చిట్టాలో అక్షరములుగా మాత్రమే వ్రాయవలెను, ఆదేశముగా తలపరాదు అను నియమమును అతిక్రమించుటవలన వచ్చిన కష్టమిది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ సంగతులను ఉపాధ్యాయులు ఒక్క పీరియడులో చూపవచ్చును. ఆరు పాఠ్యవిషయముల మార్కులను చదివి మొత్తమును, శాతమును లెక్కించు చిన్న ప్రోగ్రామును విద్యార్థులచే చిట్టాతో సహా వ్రాయింపవలెను. తరువాత ఒకరు అందులో రహస్యముగా ఒక దోషమును ప్రవేశపెట్టవలెను. ఉదాహరణకు, ఒక విషయపు మార్కులు ఖాళీగా ఉన్నప్పుడు ముందు విద్యార్థి మార్కులనే తీసికొనునట్లు చేయవచ్చును. ప్రోగ్రామును చూడని మరొక విద్యార్థికి చిట్టాను మాత్రము ఇచ్చి, దోషము ఎచ్చటనో చెప్పుమనవలెను. అతడు చెప్పలేకపోయినచో, ఏ పంక్తి ఉండియున్నచో చెప్పగలిగెడివాడో అడిగి, ఆ పంక్తిని చేర్చి మరల నడుపవలెను. రెండు మూడు పర్యాయములు ఇట్లు చేయగా, ఏది వ్రాయవలెనో, ఏది అనవసరమో విద్యార్థులే నిర్ణయింపగలరు.